ఆ సంవత్సరంలో ముగ్గురు అప్పన్నలు

ఉద్యోగం మానేసినవాణ్ణి అనుభవాలు చెప్పమంటే మామూలుగా గెలిచిన సంగతులే చెబుతాడు. నాకు ఆ ఓపిక లేదు. గెలిచినవన్నీ నా బయోడేటాలో ఉన్నాయి, కావాలంటే అక్కడ చదువుకోండి, అందులో సగం కంపెనీ గొప్పే. ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా ప్రోగ్రాములు రాసిన తరవాత నాకు బాగా గుర్తుండిపోయింది ఒకే ఒక్క పని, అది నేను పాడుచేసిన పని. ప్రోగ్రాం పాడైతే మళ్ళీ కూర్చుని బాగుచేయొచ్చు. నేను నోటితో పాడుచేసింది ఇంకొకటుంది. ఆ రెండోదాని గురించి చెప్పాలంటే మొదటిది చెప్పక తప్పదు.

తొంభైల చివరి రోజులవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకం హడలిపోతున్న కాలం. కంప్యూటర్ మీద చెయ్యి వేసినవాడల్లా ప్రోగ్రామరే. హైదరాబాదులో మూడు నెలల కోర్సు చేసి విమానమెక్కి ఈ దీవిలో దిగిన కుర్రాళ్ళు ఊరికి తూర్పున ఉన్న బెడోక్‌లో ఒక్కో ఫ్లాట్‌లో ఆరేసిమంది సర్దుకునేవాళ్ళు. నాకు అప్పటికే నలభై దాటాయి. వాళ్ళు నన్ను అంకుల్ అనేవాళ్ళు, నాకది నచ్చేది కాదు, అయినా వంట బాగా చేసేవాళ్ళు కాబట్టి ఊరుకునేవాణ్ణి. వాళ్ళందరికీ రాబోయే సంవత్సరం మీద పని దొరికితే, నా కంపెనీ నన్ను ఎప్పుడో గడిచిపోయిన సంవత్సరం మీద వేసింది. పందొమ్మిదివందల పదకొండు మీద.

పని ఏమిటంటే, ఆ ఒక్క ఏడాదిలో ఈ దీవిలో జరిగినదంతా పాత పుస్తకాల్లోంచి తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎంత వాన పడింది, ఏ ఓడ వచ్చింది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, రిక్షాల లైసెన్సులు, ట్రాముల మీద ఫిర్యాదులు, అన్నీ. బడిపిల్లలు సీడీ వేసుకుని తమ తాత పేరు కొడితే ఆ మనిషి తాలూకు వరస తెర మీద కనిపించాలి. దేశం జీవితంలో ఒక సంవత్సరం అని పెద్దలు దానికి ముద్దుగా పేరు పెట్టుకున్నారు. పదకొండులో ఇక్కడ దేశమెక్కడిది, తెల్లవాళ్ళ రేవు కదా అని మొదటి రోజే అడిగాను. మా మేనేజరు చైనీయుడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. దేశం తరవాత వచ్చిందయ్యా, మనుషులు ముందొచ్చారు, మా తాత కూడా ఆ ఏడే దిగాడట అన్నాడు. అంతకు మించి ఆయన ఎప్పుడూ వాదించేవాడు కాదు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మాకన్ మాకన్ అంటూ అందర్నీ లేపి తిండికి తీసుకుపోయేవాడు, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో టిష్యూ పొట్లం బల్ల మీద పడేసి చోటు పట్టేవాడు. మంచివాడు.

పాత పుస్తకాలన్నిటికీ కాపలా ఒక తమిళావిడ. రిటైర్మెంటుకి రెండేళ్ళు ఉందనుకుంటా. అందరూ అక్కా అనేవాళ్ళం. ఆవిడకి కంప్యూటర్ అంటే భయం లేదు, నమ్మకమూ లేదు. పుస్తకాన్ని తెరిచేముందు చేతులు కడుక్కునేది, మమ్మల్నీ కడుక్కోమనేది. మేం టీ తాగిన చేతులతో వస్తే గుమ్మంలోనే ఆపేసేది.

ఇక నా గొప్పతనానికి వద్దాం. ఓడల్లో వచ్చిన కూలీల పేర్లు రెండేసి పుస్తకాల్లో ఉండేవి. రేవులో దిగగానే ఒక గుమాస్తా రాసుకునేవాడు. అక్కణ్ణించి జబ్బులేమైనా ఉన్నాయేమో చూడ్డానికి వాళ్ళని ఒక చిన్న దీవికి తీసుకెళ్ళి కొన్ని రోజులు ఉంచేవాళ్ళు, అక్కడ ఇంకో గుమాస్తా మళ్ళీ రాసేవాడు. మేం రెండూ ఎక్కించాం కాబట్టి ప్రతి మనిషీ రెండుసార్లు వచ్చాడు. ఈ జంటల్ని ఏరి ఒక్కటి చేసే ప్రోగ్రాం నేను రాశాను. ఓడ ఒకటే, ఊరు ఒకటే, తండ్రి పేరు ఒకటే, సొంత పేరు ఒకటే అయితే మనిషి ఒకడే అని లెక్క. వయసు మాత్రం చూడలేదు. వయసు వాళ్ళకీ తెలియదు, గుమాస్తాకీ తెలియదు, ఒక పుస్తకంలో ఇరవై అని ఉన్నవాడికి రెండో దాంట్లో ఇరవయ్యైదు ఉండేది. అంచేత ఆ గడిని నేను నమ్మలేదు. కలిసిన వరసల్లో ఏది ఉంచాలి అన్నదానికి కూడా ఒక నియమం పెట్టాను. ఎక్కువ గళ్ళు నిండిన వరస ఉంచు, తక్కిన వాటిని తీసెయ్. వినడానికి బాగానే ఉంది కదా. నాకూ బాగానే అనిపించింది.

అక్క ఒక్కర్తే అడ్డుపడింది. ఒకే ఇంట్లో ఒకే పేరుతో నిజంగానే ఇద్దరు ఉంటే ఏం చేస్తావని అడిగింది. నేను నవ్వాను. ఒక తండ్రి ఇద్దరు కొడుకులకి ఒకే పేరు పెట్టుకుంటాడా అక్కా అన్నాను. ఆవిడ నా మొహం కాసేపు చూసి, మీవాళ్ళ సంగతి నాకేం తెలుసు, నీకే తెలియాలి అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టుండే రోజులు నావి. ప్రోగ్రాం నడిపేశాను. జంటలన్నీ పోయాయి, పట్టిక శుభ్రంగా అయింది, మేనేజరు ఆ రోజు నాకు చేప తలకాయ కూర తినిపించాడు. సీడీలు తయారుకావడానికి వెళ్ళిపోయాయి.

సీడీ బయటికి రావడానికి పది రోజుల ముందు, ఒక బుధవారం, ముసలివాళ్ళని పిలిచి చూపించే కార్యక్రమం పెట్టారు. హాల్లో నాలుగు కంప్యూటర్లు, ఒక్కోదాని ముందు ఒక వరస. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్నూ ఒకదాని ముందు కూర్చోబెట్టారు. పొద్దున్నించీ మాట్లాడి మాట్లాడి నా గొంతు పోయింది. పన్నెండు కావస్తుండగా ఊరికి ఉత్తరాన ఉన్న యీషున్ నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. డెబ్భై పైబడ్డ మనిషి, మలేషియాలో రబ్బరు తోటల్లో పుట్టి పెరిగి, పిల్లల ఉద్యోగాల కోసం ఇటు వచ్చిన కుటుంబం. ఆవిడ తెలుగు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది మా వైపు తెలుగు, విజయనగరం అవతల పల్లెల తెలుగు, ఆవిడ ఆ వైపు ఎన్నడూ చూడకుండానే మాట్లాడుతోంది.

వాళ్ళ నాన్న ఆ ఏడు వచ్చాడట. ఊరి పేరు, తాత పేరు, ఓడ పేరు అన్నీ నోటికి చెప్పింది. కొట్టాను. ఒకే వరస వచ్చింది. అప్పన్న, తండ్రి పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది, ఓడ సరిపోయింది. ఆఖరి గడిలో, ఆ చిన్న దీవిలో జ్వరంతో చనిపోయాడని తారీఖుతో సహా ఉంది. నేనది చదివి చెప్పాను. మెల్లిగానే చెప్పాననుకుంటాను.

ఆవిడ నొచ్చుకోలేదు, నేనేదో పొరపాటు చదివానన్నట్టు చూసి, మూడు వేళ్ళు ఎత్తి చూపించింది.

"మా అయ్య నాకు పెళ్ళి సేసినాడు నాయినా. ఈడెవడో సచ్చిపోనాడంటన్నావు, మా అయ్య కాదు. బాగా సూడు. ముగ్గురన్నదమ్ములు దిగినారు. ముగ్గురూ అప్పన్నలే."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆ మాట నా చెవిన పడింది. పడలేదని నేను చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను, కాని పడింది. లోపల ఎక్కడో ఏదో కదిలింది కూడా. కాని వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు, నాకు ఆకలిగా ఉంది, పైగా నా పట్టిక శుభ్రంగా ఉంది. రికార్డులో ఇలాగే ఉందమ్మా అని ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. తెలివైనవాణ్ణి కదా, కారణం కూడా వెతికిపెట్టాను.

"అమ్మా, పాత పుస్తకంలో ఉన్నదే ఇందులో ఉంది. పుస్తకానికి అబద్ధమాడాల్సిన పనేముంది? ఆ రోజుల్లో చనిపోయినవాడి కాగితాలు పట్టుకుని, వాడి పేరుతో బయటికొచ్చినవాళ్ళు ఉండేవారు. మీ నాన్నగారు కూడా అలా వచ్చారేమో."

ఆవిడ తెర వైపు చూస్తూ ఉండిపోయింది, ఆవిడకి చదవడం రాదు. కూతురే భుజం మీద చెయ్యి వేసి లేపింది. "నెవర్ మైండ్ లా అమ్మా, పోదాం. వెనక అందరూ వెయిట్ చేస్తున్నారు," అంది, ఇక్కడి ఇంగ్లీషు యాసలో. వెళ్ళేటప్పుడు పెద్దావిడ నాకు దణ్ణం పెట్టింది. నేను తరవాతి మనిషి పేరు అడిగాను.

అక్క ఆ రోజు హాల్లోనే ఒక మూల కూర్చుని ఉంది. ఆవిడకి తెలుగు అర్థంకాదు, కాని ముసలావిడ మూడు వేళ్ళు చూపించడం చూసిందట. శుక్రవారం పొద్దున నన్ను పుస్తకాల గదికి రమ్మంది. చేతులు కడుక్కుని వెళ్ళాను. రేవు పుస్తకం తెరిచి ఉంది. పేజీ మధ్యలో మూడు వరసలు, ఒకదాని కింద ఒకటి. అప్పన్న, అప్పన్న, అప్పన్న. తండ్రి ఒకడే, ఊరొకటే. వయసు గడిలో మాత్రం ఇరవైయారు, ఇరవైరెండు, పదిహేడు. పక్కనే దీవి పుస్తకం. అందులోనూ ముగ్గురున్నారు. పదిహేడేళ్ళవాడి ఎదురుగా చనిపోయిన తారీఖు. మిగిలిన ఇద్దరి ఎదురుగా ఆ గడి ఖాళీ. బతికి బయటికి వెళ్ళినవాళ్ళకి అందులో రాయడానికి ఏముంటుంది? ఎక్కువ గళ్ళు నిండినవాణ్ణి ఉంచమని నేనే చెప్పాను కాబట్టి నా ప్రోగ్రాం చచ్చిపోయినవాణ్ణి ఉంచి, బతికినవాళ్ళిద్దర్నీ తీసేసింది. వాళ్ళ ముగ్గుర్నీ విడదీసే గడి ఒకటే, వయసు. దాన్ని నేను చూడనన్నాను.

ఒకే ఇంట్లో ముగ్గురు అప్పన్నలెలా అయ్యారో అక్కకి తెలియదు. నేనే ఆవిడకి చెప్పాల్సి వచ్చింది, సిగ్గు పడుతూ చెప్పాను. మా వైపు సింహాచలం అప్పన్నకి మొక్కుకుని పిల్లల్ని కంటారు. పుట్టినవాడల్లా అప్పన్నే. పెదప్పన్న, నడిపప్పన్న, చినప్పన్న అని ఇంట్లో పిలుచుకుంటారు. తెల్లదొర గుమాస్తాకి పెదా నడిపీ ఎందుకు, అప్పన్న అని రాసుకున్నాడు. ఇది నాకు ఎవరో చెబితే తెలిసిన సంగతి కాదు. మా ఇంట్లో మేం ముగ్గురన్నదమ్ములం, ముగ్గురం అప్పన్నలమే. నేను చినప్పన్నని. హైదరాబాదు వచ్చి చదువుకునేటప్పుడు ఆ పేరు మోటుగా ఉందని మార్చుకున్నాను, పాస్‌పోర్టులో ఉన్నది ఆ నాజూకు పేరే. పేరు మార్చుకున్నవాడు పద్ధతి కూడా మరిచిపోతాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక తండ్రి ఇద్దరు కొడుకులకి ఒకే పేరు పెడతాడా అని ఆవిడ ముందు నవ్వింది ఈ మనిషే. నాకు ఏడుపొచ్చింది. అక్క లేచి కిటికీ తలుపులు వేసే పని ఒకటి కల్పించుకుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రోజంతా ఇద్దరం పేజీలు తిప్పాం. మా వైపునించి వచ్చిన ఓడలు చూసినకొద్దీ బయటపడుతూనే ఉన్నారు. అప్పన్నలు, సింహాద్రులు, ఇంకో దేవుడి పేరు పెట్టుకున్న అన్నదమ్ములు. తీసేసిన వరసల్ని నేను ఎక్కడా దాచలేదు, డిస్కులో చోటు చాలదని చెరిపేశాను. మళ్ళీ కాగితం చూసి ఎక్కించడం తప్ప దారిలేదు. మీరు ఇప్పుడు ఏదైనా చెరిపేముందు ఒక కాపీ పక్కన పెట్టుకుంటారు, అది మాలాంటివాళ్ళు ఏడ్చి నేర్చుకున్నదే.

సాయంత్రం మేనేజరు దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది, పొడిగిస్తారో లేదో తేలలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసే విషయం కాదు, అక్కకి తప్ప. ఆయన మొదట మా తాత అందులో ఉన్నాడా అని అడిగాడు. ఇద్దరం చూశాం, ఉన్నాడు. ఆయన ఊపిరి వదిలాడు, వదిలినందుకు ఆయనే కాస్త తడబడ్డాడు. సీడీలు అచ్చైపోయాయి, వెనక్కి రావు. చివరికి ప్రతి డబ్బాలో ఒక సవరణ కాగితం పెట్టడానికి, వెబ్‌సైటులో మాత్రం అన్నీ సరిచేసి పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఆ కాగితం ఏ బడిపిల్లాడూ చదివి ఉండడు. కాంట్రాక్టు పొడిగించారు. తప్పు చేసినవాడే దాన్ని సరిచేయగలడని రాశాడట పైవాళ్ళకి. ఆ తరవాత ఎనిమిది నెలలు నేను పదకొండులోనే బతికాను, ఒక్కొక్క అప్పన్నని కాగితం చూసి తిరిగి ఎక్కిస్తూ. బెడోక్ కుర్రాళ్ళు జీతాలు పెరిగి, కంపెనీలు మారి, ఫ్లాట్లు మారిపోయారు.

కాని ఇదంతా పట్టికల సంగతి. ఆదివారం పొద్దున నేను పిలుపుల జాబితాలో అడ్రసు చూసుకుని యీషున్ వెళ్ళాను. ఆ పేజీకి జిరాక్స్ తీయడానికి అక్క ఒప్పుకోదనుకున్నాను, ఆవిడే తీసి కవర్లో పెట్టి ఇచ్చింది. కూతురు తలుపు తీసింది కాని ఇనప గేటు తాళం వెంటనే తీయలేదు. నేను ఎందుకొచ్చానో అక్కడే నిలబడి చెప్పాల్సి వచ్చింది. విని, గొంతు తగ్గించి, "అమ్మ నాలుగు రోజులనుంచి తాత ఫోటోకి దణ్ణం పెట్టట్లేదు. హూ ఈజ్ దట్ మ్యాన్ అని నన్నే అడుగుతోంది. నేనేం చెప్పాలి?" అంది. అప్పుడు గేటు తీసింది.

చెప్పులు విప్పి లోపలికి నడిచాను. బుధవారం మధ్యాహ్నం ఆకలిమీద ఉన్న ఒక ప్రోగ్రామరు అన్న ఒక్క మాటకి, డెబ్భై ఏళ్ళ మనిషికి తండ్రి లేకుండా పోయాడు. పోయిన తండ్రిని పట్టుకుని, నువ్వెవరివి అని అడిగే స్థితి నేను తెచ్చిపెట్టాను.

పెద్దావిడ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. కాగితం ఆవిడ ఒళ్ళో పెట్టి, మూడు వరసల మీదా వేలు పెట్టి చదివాను. ఇరవైయారు, పెదప్పన్న, పెద్దనాన్న. ఇరవైరెండు, నడిపప్పన్న, ఆవిడ తండ్రి. ఎదురుగా ఉన్న గడి ఖాళీ, అంటే నడుచుకుంటూ బయటికి వెళ్ళాడు. ఆవిడ ఆ ఖాళీ గడి మీదనే వేలు చాలాసేపు ఉంచింది. తరవాత పదిహేడేళ్ళవాడి వరస చూపించి, అక్కడేం రాసుందని అడిగింది. చనిపోయిన తారీఖు చెప్పాను. తన తండ్రికి ఆ రోజు ఎప్పుడో తెలియదట. పిల్లాణ్ణి జ్వరాలవాళ్ళ కొట్టానికి తీసుకుపోయారు, వీళ్ళిద్దర్నీ తోటకి పంపించేశారు, పోయాడన్న కబురు ఎప్పటికో వచ్చింది. తిథి తెలియక బతికినన్నాళ్ళూ మహాలయ అమావాస్యకే తమ్ముడి పేరు చెప్పి అన్నం పెట్టేవాడట. ఆ తారీఖుకి తిథేమిటో కనుక్కుని చెప్పమంది. చెబుతానన్నాను, ఆ వారంలోనే కనుక్కుని ఫోన్‌లో చెప్పాను. ఆ సంవత్సరం మీద నేను చేసిన పనుల్లో తప్పులేనిది అదొక్కటే.

కూతురు టిఫిన్ తెచ్చి పెట్టింది. ఉప్మా, పక్కన సంబల్ అనే ఇక్కడి మిరపకాయ పచ్చడి. నేను తప్పంతా మళ్ళీ మొదట్నించి చెప్పుకున్నాను, మిషను ఎలా కలిపేసిందో, ఎందుకు కలిపేసిందో. చెబితే బరువు తగ్గుతుందనుకున్నాను. పెద్దావిడ మాది ఏ ఊరని అడిగింది, చెప్పాను. ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగింది, అదీ చెప్పాను, మేం ముగ్గురమనీ చెప్పాను. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"ఆ మిషనుకి అన్నదమ్ములు లేరు నాయినా, దానికి తెలవదు. నీకున్నారు గదా. ముగ్గురూ అప్పన్నలేనని నాను సెప్పినాను గదా. అప్పుడు నీకెందుకు తెలవలేదు?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది, జవాబు కోసం నా మొహంకేసి చూస్తూ కూర్చుంది. వెనక వరసలో జనం ఉన్నారమ్మా అనబోయాను. తల వంచుకుని ఆవిడ ఇంటి ఉప్మా తిన్నాను.